పప్పు గరిటె పట్టిన చేతులు

నేను ఒక పప్పు గరిటెను. ఇత్తడి గరిటెను. ఇప్పుడు విశాఖలో ఒక మ్యూజియంలో, అద్దాల పెట్టెలో, ఎర్ర మఖమలు గుడ్డ మీద పడుకుని ఉన్నాను. పైకప్పుకి కూడా అద్దమే వేశారు కాబట్టి మధ్యాహ్నమయ్యేసరికి ఎండ సరిగ్గా నా మీదే పడుతుంది. నా పక్కన ఒక పలక ఉంది. "తూర్పు తీర వీరదళం ఈ గరిటె సాయంతోనే తమలో దాగిన గ్రహాంతర గూఢచారిని పట్టుకుంది" అని దాని మీద రాశారు. బడిపిల్లలు వచ్చి అది చదివి, ఓస్ ఇంతేనా అన్నట్టు మొహం పెట్టి, పక్క గదిలో ఉన్న ఎగిరే బూట్ల దగ్గరికి పరిగెడతారు. పిల్లల్ని ఏమీ అనను. నా బాధంతా ఆ పలకతోనే. నేను ఎవరినీ పట్టుకోలేదు.

నేను పుట్టింది ఇత్తడి సామాన్లకి పేరుపడ్డ బుడితిలో. అక్కడి కంచరి నన్ను పోతపోసి, సాగగొట్టి, కాడ మాత్రం బాగా పొడుగ్గా పెట్టాడు, వడ్డించేవాళ్ళ నడుములు విరగకూడదని. పెళ్ళిళ్ళకీ అన్నసంతర్పణలకీ వంటలు చేసే చింతాడ నరసమ్మ నన్ను కొనుక్కుంది. ఆమె చేతిలో నేను శ్రీకాకుళం జిల్లా అంతా తిరిగాను. పులుపు తగిలి కళాయి పోయినప్పుడల్లా మళ్ళీ పూయించేది. ఆ రోజుల్లోనే మనుషుల సంగతి నాకు కొంచెం అర్థమైంది.

మనిషి విస్తరి ముందు కూర్చోగానే అబద్ధం మొదలుపెడతాడు. "చాలు, చాలు, ఇంకొద్దు" అంటాడు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. ఆ చేతి వేళ్ళ మధ్య మాత్రం పప్పు జారేంత సందు ఉంచుతాడు. వడ్డించేవాడు ఆ సందు చూడాలి, మాట వినకూడదు. "మీరు అలా అంటే ఎలా, ఇదొక్కటీ వేయించుకోవాలి" అని ఒట్లు పెట్టి మరీ వేయాలి. ఎవరైనా అమాయకుడు నిజంగానే ఆగి పక్క విస్తరికి వెళ్ళాడా, అంతే సంగతులు. సాయంత్రానికల్లా ఆ ఇంటి మర్యాద గురించి ఊరంతా గుసగుసలే. ఇన్ని అబద్ధాల మధ్య బతికాను గానీ, ఇవంత చెడ్డ అబద్ధాలని నాకెప్పుడూ అనిపించలేదు.

నరసమ్మ కూతురు వరాహాలమ్మ. ఒక పెళ్ళిలో మరిగే అన్నం గుండిగ పొయ్యి మీంచి ఒరిగి పడబోతే, ఈ పిల్ల వెళ్ళి ఒంటి చేత్తో ఎత్తి పక్కన పెట్టింది. నలుగురు మగవాళ్ళు కావిడి వేసి మోసే గుండిగ అది. పెళ్ళివారు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, నరసమ్మ మాత్రం "ఇన్నాళ్ళూ ఈ బలమంతా దాసీసి నాసేత మోయించినావేటే?" అని కేకలేసింది. తరవాతి కథ లోకానికి తెలుసు. తుపాను రోజుల్లో పడవల్ని ఎత్తి ఒడ్డున పెట్టిన వరాహాలమ్మ, తీరం వెంబడి పేరు మోగిపోయిన వరాహాలమ్మ ఈమే.

భీమిలి దగ్గర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో వీరదళం పెట్టినప్పుడు ఆమె నన్ను కూడా తీసుకెళ్ళి వంటింట్లో మేకుకి తగిలించింది. దళంలో నలుగురు. వరాహాలమ్మ పెద్ద. మెహరున్నీసా వేళ్ళ చివర మంట పుట్టేది కాబట్టి ఆ వంటింటికి అగ్గిపెట్టె అవసరం రాలేదు. తవిటయ్య సముద్రం అడుగున నడిచేవాడు, మాటలు తక్కువ. లోకనాథం ఎగిరేవాడు, మాటలు ఎక్కువ. పొద్దున్న ఎవరు ఏ ఓడని కాపాడినా, ఏ కొండచరియని ఆపినా, మధ్యాహ్నం మాత్రం వంతులవారీగా ఒకరు వడ్డించాలి, మిగతా ముగ్గురూ వరుసగా నేల మీద కూర్చుని తినాలి. అది వరాహాలమ్మ పెట్టిన కట్టు.

లోకనాథం వడ్డన చూసి తీరాలి. "నా మీదొట్టు, ఈ ఒక్క గరిటే!" అంటూ ఒకటికి మూడు వేసేవాడు. తిట్టినా వేసేవాడు. తవిటయ్య మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా నన్ను మెహరున్నీసా చేతికిచ్చి, బదులుగా అంట్లు తోమేవాడు. సిగ్గేమోలే అనుకున్నారు అందరూ.

ఇక్కడ నాకొక్కదానికే తెలిసిన సంగతి చెప్పాలి. ఆ వంటింట్లో పప్పు ఉడుకుతుంటే నన్ను అందులోనే వదిలేసేవాళ్ళు. కాడ చివరి దాకా నిప్పులా కాలిపోయేదాన్ని. వరాహాలమ్మ చీర కొంగుతో పట్టుకునేది. తవిటయ్య తువ్వాలు చుట్టేవాడు. మెహరున్నీసా చేతికి వేడి ఓ లెక్క కాదు. లోకనాథం ఉట్టి చేత్తో పట్టుకునేవాడు. పట్టుకుని, విస్తళ్ళ దాకా నడిచి, అప్పుడేదో గుర్తొచ్చినట్టు "అబ్బా!" అని వేళ్ళు ఊదుకునేవాడు. నవ్వించడానికి చేస్తున్నాడని మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు ఆ అరచెయ్యి తెలుసు. అది కాలలేదు. నా వేడి ఆ చర్మం మీద వాన నీళ్ళలా జారిపోయేది. మెహరున్నీసా చెయ్యి నా వేడిని పీల్చుకునేది, ఇది అసలు ముట్టించుకునేదే కాదు. అలాంటి చెయ్యి ఈ భూమ్మీద పుట్టిన చెయ్యి కాదు.

ఇలా ఉండగా ఢిల్లీలోని పెద్ద దళం నుంచి కబురొచ్చింది. వేరే గ్రహం వాళ్ళు మనుషుల రూపం ధరించి దేశంలోని ప్రతి వీరదళంలోనూ చేరారట. రక్తం తీసి చూసినా, ఎముకలు చూసినా తేడా తెలియడం లేదట. ఎవరి దళంలోని వాణ్ణి వాళ్ళే కనిపెట్టి అప్పగించాలట. అప్పగిస్తే సీసపు గోడల చెరలో వేస్తారట, మరి వెలుగు చూడనివ్వరట.

ఆ రోజు నుంచి వంటింటి గాలి మారిపోయింది. ఏళ్ళ తరబడి ఒకే కుండలోది తిన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు దొంగచూపులు చూసుకోవడం మొదలుపెట్టారు. నీ చిన్నప్పటి పంతులు పేరేమిటి, నీకు మొదట ఊడిన పన్ను ఏది అంటూ మాటల మధ్యలో ప్రశ్నలు జొనిపేవారు. కొండల్ని ఎత్తేవాళ్ళు, మంటల్ని పుట్టించేవాళ్ళు, ఇంత పిరికివాళ్ళా అని నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

వరాహాలమ్మకి ఒక ఆలోచన తట్టింది. మొహం నేర్చుకోవచ్చు, యాస నేర్చుకోవచ్చు, వద్దంటున్న మనిషికి వడ్డించడం మాత్రం తల్లి చేతి ముద్ద తిన్నవాళ్ళకే తెలుస్తుంది అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. మామిడికాయ పప్పు చేసింది, అరిటాకులు వేసింది, "ఇయ్యాల అందరూ తలోసారి వడ్డించాల" అంది.

మెహరున్నీసా వడ్డించింది. వద్దంటే గదమాయించి మరీ వేసింది. లోకనాథం వడ్డించాడు. ఆకులో పప్పు చెరువైపోయింది. ఆ తరవాత తప్పించుకునే దారి లేక తవిటయ్య నన్ను అందుకున్నాడు. వరాహాలమ్మ ఆకు దగ్గర వంగి ఒక గరిటె వేశాడు.

"సాలు, సాలు," అంటూ ఆమె చెయ్యి అడ్డం పెట్టింది, వేళ్ళు బాగా ఎడంగా ఉంచి.

తవిటయ్య నన్ను వెనక్కి తీసుకుని పక్క ఆకు దగ్గరికి జరిగాడు.

వరాహాలమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తవిటయ్యా, ఏటి ఎల్లిపోతన్నావ్?"

"సాలన్నావు గదక్కా," అన్నాడు ఆమె మొహం చూసి కంగారుగా.

అప్పుడామె అసలు సంగతి బయటపెట్టింది. తవిటయ్య నన్ను నేల మీద నెమ్మదిగా పెట్టాడు. "నాను కాదక్కా. నాను హాస్టల్లో పెరిగినోణ్ణి. అక్కడ గరిటి ఒక్కసారే పడేది. రెండోపాలి అడిగితే దెబ్బ పడేది. సాలంటే సాలే మాకు. అందుకే వడ్డనంటే నాకు బయ్యం, ఏటి తప్పు సేసెత్తానో అని."

"కథలు ఎవరైనా అల్లుకోవచ్చు," అంది మెహరున్నీసా.

లోకనాథం తన ఆకులోని పప్పు వేలితో గీస్తూ కూర్చున్నాడు. తవిటయ్యని పాత ఐసు గదిలో పెట్టి తలుపు వేశారు. ఢిల్లీకి అతని పేరు పంపేశారు. రేపే బండి వస్తుందని జవాబొచ్చింది. నేను మేకుకి వేలాడుతూ ఇదంతా విన్నాను. గరిటెకి ఏడుపేమిటని మీరనుకోవచ్చు. నాకైతే ఏడుపొచ్చింది.

మర్నాడు లోకనాథం అన్నం, పప్పు తీసుకుని నాతో సహా ఐసు గదిలోకి వెళ్ళాడు. తవిటయ్య నాలుగు ముద్దలు తిని "సాలు" అన్నాడు. లోకనాథం అలవాటు కొద్దీ ఇంకో గరిటె వేశాడు. తవిటయ్య నవ్వాడు.

"ఏత్తావని తెలుసు. నాను సాలంటే నిజంగా సాలనే. అయినా నువ్వేత్తంటే బాగుంటాది. సిన్నప్పుడు నన్ను తినమని బతిమాలినోడు ఒక్కడూ లేడు. నీకాడే సూసినాను. మడిసంటే ఇలాగుండాల అనుకునీవోణ్ణి."



లోకనాథం నన్ను పట్టుకుని వంటింట్లోకి తిరిగొచ్చాడు. మెహరున్నీసా బండి కోసం రోడ్డు మీదికి వెళ్ళింది, వరాహాలమ్మ ఒక్కతే పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మిగిలిన పప్పు మరుగుతోంది. నన్ను అందులో పెట్టి పక్కనే కూర్చున్నాడు. కాడ చివరి దాకా నేను కాలిపోయే వరకూ ఆగాడు. ఆమె చూస్తుండగా ఉట్టి చేత్తో నన్ను పైకి తీశాడు. పట్టుకునే ఉన్నాడు. అబ్బా అనలేదు.

"సెయ్యి కాలదేట్రా?" అంది ఆమె.

"కాలదక్కా. ఎప్పుడూ కాల్లేదు."

అరచెయ్యి తెరిచి చూపించాడు. ఎర్రగా కూడా లేదు. వరాహాలమ్మ లేచింది. ఇక అయిపోయిందనుకున్నాను, గుండిగలెత్తిన ఆ చేతులు నాకు తెలుసు కదా. ఆమె అతని వైపు రాలేదు. పరుగున వెళ్ళి ఐసు గది తలుపు లాగి, తవిటయ్య రెండు చేతులూ పట్టుకుని "తప్పయిపోనాది నాయనా" అని వెక్కివెక్కి ఏడ్చింది. తప్పు దిద్దుకునే వేళ మనుషులు ఎంత అందంగా ఉంటారో అప్పుడు చూశాను.

ఇద్దరూ వచ్చేసరికి లోకనాథం అక్కడే కూర్చుని ఉన్నాడు. ఎగిరిపోలేదు. అడక్కుండానే చెప్పాడు. ఎవరినీ చంపి వాళ్ళ రూపం తీసుకోలేదట. విశాఖ బస్టాండులో కూర్చుని ఒకరి ముక్కు, ఒకరి చెవులు, ఇంకొకరి నవ్వు ఏరుకుని ఈ మొహం చేసుకున్నాడట.

"మా గురించి మీవోళ్ళకి ఏటి రాసినావు?" అంది వరాహాలమ్మ.

"వడ్డన గురించే ఎక్కువ రాశానక్కా. వాళ్ళు నమ్మలేదు."

తవిటయ్యకి నవ్వాగలేదు. వరాహాలమ్మ నవ్వలేదు గానీ నన్నందుకుని ఒక ఆకు వేసింది. "కూకో. ముందు తిను," అంది. అన్నం పెట్టింది, పప్పు వేసింది. "చాలక్కా" అన్నాడతను. వేళ్ళ మధ్య సందు ఉంది. ఇంకో గరిటె వేసింది. తవిటయ్యకి వేసినప్పుడు మాత్రం అతను చాలనగానే ఆగింది.

భోజనం అయ్యాక బయట దూరంగా బండి చప్పుడు వినిపించింది. "ఎగిరిపోరా. ఇక్కడ ఎవులూ లేరని సెప్పెత్తాను," అందామె.

"వద్దక్కా. పేరు వెళ్ళిపోయింది. నేను లేకపోతే తవిటయ్యనే తీసుకెళ్తారు."

"ఆడి సంగతి నాను సూసుకుంతాను. పోరా, నా మీదొట్టు."

"వద్దక్కా."

ఆమె చెయ్యెత్తింది, మూడోసారి బతిమాలడానికి. అతని మొహం చూసింది. పక్కనే ఉన్న తవిటయ్యని చూసింది. ఆ చెయ్యి అలాగే కిందికి దిగిపోయింది. కొన్ని వద్దులు నిజంగా వద్దులేనని ఆమె తెలుసుకున్నది ఆ రోజే. లోకనాథం తన ఆకు తనే మడిచి, చెయ్యి కడుక్కుని, వెళ్ళి బండెక్కాడు.

ఆ తరవాత వంటింట్లో పంక్తి ముగ్గురిదే అయింది. నన్ను పప్పులో మరిచిపోవడం మానేశారు. ఏళ్ళు గడిచాయి. ఆ గ్రహం వాళ్ళతో సంధి కుదిరిందని, సీసపు చెరలు తెరిచారని కబురొచ్చింది. విడుదలైనవాళ్ళు ఏ మొహాలతో ఎటు వెళ్ళారో ఎవరికీ తెలియదన్నారు. వరాహాలమ్మ చాలాకాలం మధ్యాహ్నాలు ఒక ఆకు ఎక్కువ వేసింది. తరవాత ఆమె కన్నుమూసింది. దళం మూతపడింది. నేను ఈ పెట్టెలోకి వచ్చాను.

తవిటయ్య ప్రతి ఆదివారం వస్తాడు. జుట్టంతా తెల్లబడింది. పలక మీది రాత మార్చమని ఒకసారి మ్యూజియం వాళ్ళని అడిగితే, అర్జీ పెట్టుకోమన్నారు. పెట్టాడు. అది ఏ బల్ల సొరుగులో నిద్రపోతోందో. ఇప్పుడతను ఆ పలక వైపు చూడడు. చేతులు వెనక కట్టుకుని నా వైపే చూస్తూ నిలబడతాడు.

ఈ వేసవిలో పెట్టెలు తుడవడానికి కొత్త మనిషి వచ్చాడు. నిన్న మధ్యాహ్నం, ఎండ నిలువునా నా మీద పడుతున్న వేళ, అద్దం తెరిచాడు. పాత మనిషి ఆ వేళప్పుడు గుడ్డ లేకుండా నన్ను ముట్టుకునేవాడు కాదు, అంత కాలిపోతాను. ఇతను ఉట్టి చేత్తో తీశాడు. కాడ పొడుగునా ఒకసారి నిమిరాడు. మఖమలు దులిపాడు, పెట్టె తుడిచాడు, నన్ను మళ్ళీ పడుకోబెట్టాడు, అద్దం మూశాడు. రెండడుగులు వేసి ఆగాడు. చుట్టూ చూసి, ఎవరూ లేరు కాబట్టి కాస్త మెల్లగా, "అబ్బా" అన్నాడు.

రేపు ఆదివారం. తవిటయ్య వస్తాడు.