కట్టయ్య తీసేసిన మేనమామ

బావమరిది చెవి ఒకటి ఇంకా మిగిలింది. కట్టయ్య కళ్లద్దాలను ముక్కు కొసకు జార్చి, మౌస్‌ను మెల్లగా తోసి, ఆ చెవి మీద వెనకాల ఉన్న పందిరి గుడ్డ పరిచాడు. దాంతో ఆ బావమరిది ఆ పెళ్లికి రానట్టే. పెళ్లికూతురి భుజం మీద అతని వేళ్లు రెండు మిగిలిపోతే వాటిని చీర జరీలో కలిపేశాడు.

ఇరవై రెండేళ్లుగా కట్టయ్యకు ఇదే పని. హనుమకొండలో ఆల్బమ్‌లు చేసే ల్యాబు నుంచి ఫోటోలు ఇంటికి తెచ్చుకుంటాడు. మొటిమలు తీస్తాడు, మూసుకున్న కళ్లు తెరిపిస్తాడు, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు నాటుతాడు. వాటన్నిటికన్నా ఎక్కువగా మనుషుల్ని తీసేస్తాడు. పెళ్లయి ఆల్బమ్ అచ్చుకు పోయే లోపల ఎవరికో ఒకరికి ఎవరితోనో పడకుండా పోతుంది. మాంసం ముక్కలు చిన్నవి పడ్డాయనో, పెట్టిన పంచె పలచగా ఉందనో. వాళ్లొచ్చి తెర మీద వేలు పెట్టి చూపిస్తారు. ఆ వేలి కింద ఉన్నవాణ్ని కట్టయ్య మాయం చేస్తాడు.

చూడటానికి బక్క మనిషి. యాభై ఏడేళ్లు. కూర్చుని కూర్చుని ఎడమ భుజం కిందికి దిగింది. కుడి మణికట్టు కింద, బల్ల అంచు ఒరుసుకునే చోట, నల్లటి కాయ కాసింది. ముఖం ఎలాంటిదంటే, అతన్ని ఏ ఫోటోలోంచైనా తీసేస్తే ఎవరూ కనిపెట్టరు.

ఒక అలవాటు మాత్రం ఉంది. తీసేసినవాణ్ని ఎన్నడూ పారేయడు. ఫైల్లో అడుగున ఒక పొరలో దాచి, పైన గుడ్డో గోడో కప్పుతాడు. సగం మంది ఏడాది తిరగకముందే కలిసిపోయి, మళ్లీ పెట్టమని వస్తారని అతనికి ఎరుకే.

మూడేళ్ల కింద ఆ చెయ్యి సొంత కొడుకు రాకేష్ పెళ్లిలో కూడా ఆడింది. కోడలు లావణ్య మేనమామ వెంకటేశ్వర్లు భోజనాల బంతిలో కూర్చుని, పిల్లగాని తండ్రి ఏం పని చేస్తాడంటే జనం మొటిమలు గిల్లుతాడట అని నలుగురిలో నవ్వాడు. అందరితోపాటు కట్టయ్యా నవ్వాడు. మర్నాడు కూర్చుని నూట అరవై మూడు ఫోటోల్లోంచి వెంకటేశ్వర్లును తీసేశాడు. మేనకోడల్ని గంపలో మోసుకుంటూ మండపానికి తెచ్చే ఫోటో దగ్గర మాత్రం చిక్కొచ్చింది. గంప గాల్లో నిలవదు కదా. దాని కింద ఒక అరటిచెట్టును నిలబెట్టాడు.

ఆల్బమ్ నర్సంపేటకు పోయింది. చుట్టాలంతా మూగి తిప్పుతుంటే, అరటిచెట్టు నెత్తిన ఎక్కి వస్తున్న పెళ్లికూతురు బయటపడింది. వెంకటేశ్వర్లు తన కోసం అట్ట నుంచి అట్ట దాకా వెతుక్కుని, లేచి వెళ్లిపోయాడట. మళ్లీ పెట్టియ్యమని లావణ్య వచ్చి అడిగింది. తుడిచిపోయింది, ఇక లేదు అన్నాడు కట్టయ్య. పంతానికి అన్నాడు. ఆనాటి నుంచి కోడలు అతని కంచం ముందు పెట్టి పక్కకు పోతుంది. రాకేష్ తండ్రితో నేరుగా మాట్లాడడు.

ఈ పొద్దు కొత్త కంప్యూటర్ వచ్చి బల్లెక్కింది. తీగలు పీకి పెట్టిన పాతదాన్ని మధ్యాహ్నానికల్లా కొట్టువాడు వచ్చి తీసుకుపోతాడు. పాతదాంట్లో ఉన్న సాఫ్ట్‌వేర్ ముసలిది, కొత్త డబ్బాలోకి ఎక్కలేదు. ఫోటోలన్నీ కొత్తదాంట్లోకి దించారు కాని, వాటిని ఇక దేనితో తెరవాలన్నది తేలలేదు.

రాకేష్ మూరెడు దూరంలో మంచం మీద కూర్చుని, వంటింట్లో ఉన్న తల్లి చిలుకమ్మకు చెప్పాడు.

“అవ్వా, నాయినకు చెప్పు. నెలనెలా పైసలు కట్టేది ఒకటి ఎక్కించిన. మొఖాలు అదే గుర్తుపడ్తది. ఫోటోలన్ని తేలికగ చేసి పెడ్తది. గా బరువు ఫైళ్లన్ని కొట్టేస్తే జాగ మిగుల్తది.”

“కొట్టెయ్యద్దని చెప్పు వానికి,” అన్నాడు కట్టయ్య తెర వైపే చూస్తూ.

“ఎందుకో అడుగవ్వా.”

చిలుకమ్మ గరిటె పట్టుకుని గడప దాకా వచ్చింది. “మీ ఇద్దరి నడుమ నేనేమన్న ఫోన్ తీగనా? ఒకల మొఖం ఒకలు చూస్కోని చావుండ్రి.”

ఎందుకన్నది కట్టయ్య చెప్పలేదు. పొరలున్నవి ఆ బరువు ఫైళ్లలోనే. అరటిచెట్టు కింద వెంకటేశ్వర్లు ఉన్నది అక్కడే. అవి పోతే, మూడేళ్లుగా చెప్పిన అబద్ధం నిజమై కూర్చుంటుంది. పైగా ఆ మనిషి మూత్రపిండాలు చెడిపోయి నెల రోజులుగా దవాఖానలో పడి ఉన్నాడు.

లావణ్య టిఫిన్ డబ్బా సర్దుకుని దవాఖానకు పోవడానికి చెప్పులు వేసుకుంటోంది. చిలుకమ్మ గొంతు తగ్గించి, ఆ మనిషి లేచేటట్టు లేడట, ఎక్కడన్నా ఒక్క ఫోటో ఉంటే ఇవ్వరాదా అంది మొగుడితో.

“లేదన్న గద,” అన్నాడు కట్టయ్య. లావణ్యకు వినపడింది. ఆమె గేటు తీసిన చప్పుడు వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

ఇల్లు సద్దుమణిగాక, తెరను రాకేష్‌కు కనపడకుండా గోడ వైపు తిప్పి, గంప ఫోటోను కొడుకు ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో తెరిచాడు. అది చకచకా లావణ్య ముఖం చుట్టూ ఒక గీత గీసింది. అరటిగెల చుట్టూ ఇంకొకటి గీసి, ఇతనెవరు అని అడిగింది. పొరలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఒకే రేకు అయ్యాయి. అడుగున ఎవరూ లేరు. కట్టయ్య ఆ మార్పును ఉంచకుండా దాన్ని మూసేశాడు.

కంప్యూటర్‌తో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును గుర్తే పట్టలేదు.

ల్యాబులో ఎవరో చెప్పిన, పైసలు లేకుండా ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకున్నాడు. దుమ్ము పట్టినట్టున్న దాని రూపం చూస్తే తుమ్ము వచ్చేటట్టుంది, ఏ పనిముట్టూ ఉండాల్సిన చోట లేదు. పాలు కాగి చల్లారేంతసేపు తిరిగి తిరిగి, పక్కన పొరల వరుసను ఒక్కొక్కటిగా పేర్చింది. కట్టయ్య అరటిచెట్టు పొరను ఆర్పాడు. తెల్ల పంచె మోకాళ్ల దాకా ఎగగట్టి, మెడ నరాలు ఉబ్బి, కొంచెం నవ్వుతూ వెంకటేశ్వర్లు గంప మోస్తున్నాడు. గంప బరువుకు ఒక కన్ను మూసుకుపోయింది. చేతి అలవాటున ఆ కన్ను తెరవబోయి ఆగాడు.

“వానికి చెప్పు,” అన్నాడు గట్టిగా. “ఊరికెనే వచ్చేదే ఉంచుతాన. నెల కిరాయిది తీసెయ్యమను.”

“ముసలోళ్ల తెలివి,” అన్నాడు రాకేష్, గోడతో అన్నట్టు. నెలనెలా పైసలు పోసేది అతనే కాబట్టి ఇంకేమీ అనలేదు.

సాయంత్రం లావణ్య వచ్చాక ఆ ఫోటో అచ్చు తీసి టిఫిన్ డబ్బా పక్కన పెడదామనుకున్నాడు కట్టయ్య. ఏమీ చెప్పకుండా, దొరికిందని కూడా అనకుండా. కొట్టువాడు వచ్చి పాత కంప్యూటర్‌ను తీసుకుపోయాడు. కట్టయ్య అన్నం ముందు కూర్చున్నాడు. అప్పుడు రాకేష్‌కు ఫోన్ వచ్చింది. విని, చెప్పులు వేసుకుంటూ తల్లికి చెప్పాడు. లావణ్య మేనమామ పోయాడు, నర్సంపేట తీసుకుపోతున్నారు. తల్లీ కొడుకులు బండెక్కారు. నువ్వు రా అని గాని, రావద్దని గాని ఎవరూ అనలేదు.

కట్టయ్య చేయి కడుక్కున్నాడు. కన్ను మూసుకున్న ఫోటోనే ల్యాబులో పెద్దగా అచ్చు తీయించి, నల్ల ఫ్రేము కట్టించి, దాన్ని ఒళ్లో నిలబెట్టుకుని బస్సులో కూర్చున్నాడు.

నర్సంపేటలో ఇంటి ముందు టెంటు వేశారు. అద్దాల ఫ్రీజర్ పెట్టె తల దగ్గర ఆధార్ కార్డు ఫోటోను లాగి పెద్దది చేసిన ఫ్లెక్సీ కట్టారు. అందులో వెంకటేశ్వర్లు ముఖం గళ్లు గళ్లుగా విరిగిపోయింది. కట్టయ్య ఫ్రేమును గోడకు ఆనించాడు. పడమటి ఎండ నేరుగా ఫ్రేము అద్దం మీద పడింది.

వెంకటేశ్వర్లు భార్య మొగిలమ్మ లేచి వచ్చి దాని ముందు చతికిలబడింది. వేలితో గంపను తాకింది, పంచెను తాకింది.

“ఇది ఉన్నదా?” అంది. అన్నా అని వరస కలిపి పిలవలేదు. “ఇన్ని దినాలు నీ దగ్గర ఉన్నదా?”

“ఉన్నది వదినె.”

“మరి లేదంటివి.”

కట్టయ్య కళ్లద్దాలు తీసి అంగీ అంచుతో తుడిచాడు.

“గా ఆల్బం ఎన్నిసార్లు తిప్పిండో ఎరుకేనా నీకు? చెయ్యన్న కనబడ్తదేమో, కాలన్న కనబడ్తదేమో అని. దవాఖానకు పొయ్యే నాడు గూడ తిప్పిండు. నేను సచ్చినంక పెడ్తడేమో తియ్యి అన్నడు.”

లావణ్య తల తిప్పుకుంది. చిలుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ నీళ్లియ్యలేదు, కూర్చోమనలేదు. రాకేష్ జనంలోంచి లేచి దగ్గరికొచ్చాడు.

“నాయినా,” అన్నాడు. మూడేళ్లకు అదే మొదటి మాట. “బస్సుందిప్పుడు. పో.”

కట్టయ్య పోయాడు. వీధి మలుపులో ఆగి వెనక్కి చూశాడు. మొగిలమ్మ మళ్లీ పెట్టె దగ్గరికి పోయి కూర్చుంది. రాకేష్ ఎటుపోయాడో కనపడలేదు. గోడకు ఆనించిన ఫ్రేముకు దండ ఎవరూ వేయలేదు. ఎవరు జరిపారో మరి, అది ఎండలోంచి టెంటు నీడలోకి వచ్చింది.