టిక్కు పెట్టిన తొమ్మిదో పేరు

వసంతలక్ష్మి ముందున్న ఫోను మోగేసరికి మధ్యాహ్నం మూడు కావడానికి పది నిమిషాలుంది.

అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో, కింద లేత్ మిషన్ల షెడ్డు, పైన మూడో అంతస్తులో వాళ్ళ ఆఫీసు. ఉత్తరాది కొండల మీదున్న ఆరు హోటళ్ళకు గదులు బుక్ చేసేదీ, అతిథుల ఫోన్లు తీసేదీ అక్కణ్ణుంచే. పదకొండేళ్ళుగా ఆమె పని అదే. ఆ తమిళ నగరంలోనే, చింతాద్రిపేటలో పుట్టి పెరిగిన తెలుగు మనిషి, మంచు ఎలా ఉంటుందో ఫోటోల్లో తప్ప చూసి ఎరగదు. అయినా ఏ నెలలో ఏ దారి మూసుకుపోతుందో, ఏ హోటల్లో ఏ గదికి పొద్దుటి ఎండ తగులుతుందో అడిగితే తడుముకోకుండా చెప్పేస్తుంది.

ఆ ఏడు చలికాలం కొండల్ని వదిలిపెట్టలేదు. డిసెంబరులో మొదలైన మంచు ఫిబ్రవరి సగమైనా కురుస్తూనే ఉంది. మనాలికి పైనున్న శ్వేతగిరి హోటల్లో ఇరవైమంది అతిథులు వారంగా చిక్కుబడి ఉన్నారు. ముందురోజు సాయంత్రమే తెరిచిన దారిని ఆ పొద్దున మళ్ళీ మూసేస్తున్నారని కబురు రాగానే, సూపర్‌వైజర్ ఆనందన్ పదకొండు పేర్ల జాబితా తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఈ రోజు రావలసినవాళ్ళు వీళ్ళు, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కిందే ఆగిపొమ్మని చెప్పాలి, అన్నాడు.

తొమ్మిదో పేరు గుంటూరు నుంచి వస్తున్న నరేన్‌ది. రెండుసార్లు చేసింది, ఎత్తలేదు. మెసేజ్ పెట్టింది. భోజనాల వేళయింది, పక్క సీటు వాళ్ళు లేచి పిలుస్తున్నారు. చూసుకుంటార్లే అనుకుని, 'చెప్పాం' అన్న గడిలో టిక్కు పెట్టి లేచిపోయింది.

ఇప్పుడు ఫోనులో వణుకుతున్న ఆడగొంతు.

"హలో... శ్వేతగిరి హోటలేనా అండీ? తెలుగు వచ్చా మీకు?"

"వచ్చమ్మా, చెప్పండి."

"నా పేరు దీప్తి. మా ఆయన నరేన్ పేరు మీద గది ఉంది. మేం అద్దెకు తీసుకున్న కారు మంచులో దిగబడిపోయిందండీ. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. చుట్టూ ఏమీ కనపడట్లేదు. ఆరేళ్ళ పాప ఉంది మాతో."

వసంతలక్ష్మి తెర వైపు చూసింది. కంప్యూటర్లో జాబితా తెరిచే ఉంది. తొమ్మిదో పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు.

"ఏడిదాకా వచ్చినారమ్మా? దారిలో ఏం చూసినారు?"

"ఇనుప వంతెన ఒకటి దాటాం. తర్వాత మూసేసిన టీ కొట్టు, నీలం రేకులు. ఆ తర్వాత ఒక మలుపు. అంతే. ఫోన్లో చార్జి పదకొండు శాతమే ఉందండీ."

"భయపడబాక. రెండు నిమిషాల్లో నేనే చేస్తాను."

పెట్టేసి తల ఎత్తేసరికి ఆనందన్ వెనకే నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు, మంచివాడే. కానీ పైవాళ్ళంటే భయం.

"రద్దయిపోయిన బుకింగ్ అక్కా అది," అన్నాడు తమిళంలో. "పోలీసుల నంబరిచ్చి వదిలెయ్. నువ్వు పొద్దున చెప్పావు కదా వాళ్ళకి?"

ఆమె తల ఊపింది.

"చెప్పినా వచ్చారంటే వాళ్ళ ఖర్మ. మనమేం చెయ్యగలం?"

పోలీసులకు ఆమే ఫోన్ చేసింది. మంచు తోసే యంత్రం రేపు పొద్దుటికి గానీ రాదన్నారు. వెంటనే శ్వేతగిరికి కలిపింది. మేనేజర్ గ్యాల్సన్ ఎత్తాడు. ముఖం ఎరగకపోయినా పదకొండేళ్ళ పరిచయం. పరీక్షలు రాసి నేర్చుకున్న ఆమె హిందీని ఎప్పుడూ ఆటపట్టించేవాడు. ఇవాళ నవ్వలేదు.

"నీలం రేకుల టీ కొట్టా? మాకు రెండు కిలోమీటర్లు. కానీ వసంతాజీ, మంచు మోకాలి దాకా ఉంది, గాలి తిరుగుతోంది. నలుగుర్ని పంపాలి నేను. నలుగురికీ పెళ్ళాం పిల్లలున్నారు. వద్దని చెప్పినట్టు మీరు పంపిన జాబితాలో ఉందే, అయినా ఎందుకు వచ్చారు వాళ్ళు?"

ఆనందన్ వింటున్నాడు. అటు పక్క సీట్లవాళ్ళూ తలలు తిప్పి చూస్తున్నారు. అబద్ధం ఒకసారి తలూపినంత తేలిక. ఇంకొకసారి ఊపితే అక్కడ నలుగురూ కదలరు.

"చెప్పలేదు," అంది వసంతలక్ష్మి. "వాళ్ళకెవరూ చెప్పలేదు. ఫోన్ ఎత్తలేదని నేనే చెప్పినట్టు రాసేశాను. తప్పు నాది, వాళ్ళది కాదు."

గ్యాల్సన్ అన్నాడు: "సరే. అది తర్వాత. మా వాకిలి దాకా వచ్చినవాళ్ళు, మా ఇంటికొచ్చినవాళ్ళే. నేనూ వెళ్తున్నా. వాళ్ళెలా ఉన్నారు? ఇంజన్ ఆన్‌లో ఉందా?"

"అడుగుతాను."

రెండో ఫోనులో దీప్తిని పట్టుకుంది. ఇంజన్ నడుస్తోందట, హీటర్ వేసుకుని కూర్చున్నారట. "ఆయనకి తల పగిలిపోతోందంటున్నారండీ. పాప మగతగా పడుకుంది, లేపితే లేవట్లేదు."

ఆ మాట చెప్పగానే గ్యాల్సన్ అరిచాడు. "ఆపమను! ఇంజన్ ఈ క్షణం ఆపమను. సైలెన్సర్ మంచులో పూడిపోయి ఉంటుంది. పొగంతా లోపలికే వస్తోంది. నిద్రలోనే పోతారు!"

"దీప్తీ, ఇంజన్ ఆపు. ఇప్పుడే. అద్దం దించు."

"ఆపేస్తే చలికి చస్తామంటున్నారండీ ఆయన..."

వెనక నుంచి ముద్దముద్దగా నరేన్ గొంతు వినిపించింది, ఎవరో ఫోన్లో చెప్తే నమ్మేస్తావా అని.

"నా మాట ఇను తల్లీ," అంది వసంతలక్ష్మి. మర్యాదలన్నీ ఎప్పుడు పోయాయో ఆమెకే తెలీదు. "ఆయన్ని అడగబాక. చెయ్యి పెట్టి తాళం తీసెయ్. చలిని ఒక గంట ఓర్చుకోవచ్చు, ఆ పొగని ఓర్చుకోలేరు. తీసినావా?"

పెనుగులాట, ఏదో పడిన చప్పుడు, నరేన్ కసురుడు. తర్వాత ఇంజన్ చప్పుడు ఆగింది.

"తీశానక్కా."

"అద్దం?"

"దించాను. మంచు లోపలికి వచ్చేస్తోంది."

"నాలుగు వేళ్ళంత చాలు. పాపను మీ ఇద్దరి మధ్యన పెట్టుకోండి. పెట్టెలో ఉన్న బట్టలన్నీ తీసి కప్పు. పాప పేరేంది?"

"లయ."

"పేరు పెట్టి పిలుస్తానే ఉండు. బుగ్గలు తట్టు. లేచిందా?"

ఎన్ని క్షణాలో. ఏసీ గదిలో వసంతలక్ష్మి జాకెట్టు వీపంతా తడిసిపోయింది. చివరికి, సన్నగా, విసుగ్గా ఒక పిల్ల ఏడుపు. ఆ ఏడుపుకి ఆమె కళ్ళు మూసుకుంది.

"హోటలోళ్ళు బయల్దేరినారు. నడిచి వస్తా ఉండారు. నువ్వు ఫోన్ ఆపి పెట్టు, చార్జి మిగలాల. సరిగ్గా నాలుగుంబావుకి ఆన్ చెయ్యి, నేను చేస్తాను."

నాలుగుంబావుకి దీప్తి ఎత్తింది. నరేన్‌కి తలనొప్పి కాస్త తగ్గిందట, పాప కాళ్ళు మాత్రం మంచుగడ్డల్లా ఉన్నాయట. మూడు శాతం చార్జి. నాలుగున్నరకి మళ్ళీ చేస్తే ఫోన్ పలకలేదు. అయిదు నిమిషాలాగి చేసింది. లేదు. హోటల్‌కి చేస్తే వంటాయన ఎత్తి, వాళ్ళింకా రాలేదు, గాలి పెరిగింది, అన్నాడు.

కిటికీ అవతల ఎండ మండిపోతోంది. రోడ్డు మీద నీళ్ళ లారీ పోతోంది. అక్కడ ఆరింటికల్లా చీకటి పడుతుందని ఆమెకు తెలుసు. తన ఒక్క టిక్కుకి ఇప్పుడు ఏడుగురు మనుషులు మంచులో ఉన్నారు. కాదు, గ్యాల్సన్‌తో కలిపి ఎనిమిదిమంది. ఆనందన్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. మిగతా ఫోన్లన్నీ తన సీటుకి మళ్ళించుకున్నాడు.

అయిదూ ఇరవైకి హోటల్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"వసంతాజీ." గ్యాల్సన్ రొప్పుతూ మాట్లాడుతున్నాడు. "తెచ్చాం. ముగ్గురూ ఉన్నారు. పిల్లని నా కోటులోనే కట్టుకుని తెచ్చాను. మావాడొకడి వేళ్ళు తిమ్మిరెక్కాయి, కాపడం పెడుతున్నాం."

ఆమె బల్ల మీద తల వాల్చేసింది. ఎవరో మంచినీళ్ళు తెచ్చి పెట్టారు.

ఆ రాత్రి శ్వేతగిరిలో జరిగిందంతా మర్నాడు గ్యాల్సన్ చెప్పాడు. గదులన్నీ నిండిపోయాయి కాబట్టి తన గదే వాళ్ళకిచ్చి, తాను వంటింట్లో పడుకున్నాడు. చిక్కుబడ్డ అతిథులే లేచి కట్టెలపొయ్యి పక్కన చోటిచ్చారట, ఎవరో ముసలావిడ తన ఉన్ని మేజోళ్ళు విప్పి పాప కాళ్ళకు తొడిగిందట. బియ్యం తగ్గిపోతున్నా వంటాయన లయ కోసం విడిగా మెత్తగా అన్నం వండి నెయ్యి వేసి పెట్టాడట.

తర్వాత దీప్తి ఫోన్ అందుకుంది. "అక్కా, మీరు దేవతలా..."

"ఆ మాట అనబాకమ్మా," అని ఆపింది వసంతలక్ష్మి. ఉన్నదంతా చెప్పింది. జాబితా, రెండుసార్లు మోగి ఆగిన ఫోను, భోజనానికి లేచిపోవడం, ఏదీ దాచలేదు.

దీప్తి గొంతు రాయిలా మారింది. "నా కూతురు చచ్చిపోయుండేది. మీకు తెలుస్తోందా?"

"తెలస్తా ఉంది."

ఫోన్ పెట్టేసింది దీప్తి.

సంజాయిషీ రాసివ్వమన్నారు, రాసిచ్చింది. నెలపాటు ఫోన్ల నుంచి తప్పించి ఫైళ్ళ పనిలో వేశారు. ఆనందన్ ఆమె తరఫున రెండు మాటలు రాశాడుగానీ పనికిరాలేదు. ఆమె ఎవరి మీదా నిష్టూరమాడలేదు. పొద్దునే వచ్చి మనాలి దారి తెరిచారా అని మాత్రం ఆనందన్‌ని అడిగేది. తొమ్మిది రోజులు తెరవలేదు.

పదో రోజు ఆమె సొంత నంబరుకి ఫోన్ వచ్చింది. వెనక రైల్వే స్టేషన్ రొద.

"నంబరు గ్యాల్సన్ గారిచ్చారు," అంది దీప్తి. "చండీగఢ్‌లో ఉన్నాం, రైలెక్కుతున్నాం. మీ మీద కోపం పోలేదు నాకు. పోతుందో లేదో కూడా తెలీదు. పాప బాగుందని చెప్పాలనిపించింది. మీరు ఎదురుచూస్తుంటారనిపించింది."

"చూస్తానే ఉండాను," అంది వసంతలక్ష్మి. అవతల లయ దేనికో గట్టిగా మారాం చేస్తోంది. బిస్కెట్ల పొట్లం కోసం కాబోలు. దీప్తి కూడా వెంటనే పెట్టెయ్యలేదు. రైలు కూత వేసేదాకా ఇద్దరూ ఆ మారాం వింటూ నిలబడ్డారు.