పేరు చెప్పమన్నారు

అమ్మవారి పై పెదవి అరిగిపోయింది.

ముఖానికి మిషను పెట్టకూడదని ఆ షెడ్డులో అందరికీ తెలుసు. ఒంటికీ పీఠానికీ పాలిష్ మిషను, ముఖానికి మాత్రం తడిపిన గరుకు కాగితం, వేళ్లతో, మెల్లగా. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేది మగవాళ్లు, నునుపు చేసేది ఆడవాళ్లు. కూలికి వచ్చే ఆడమనిషికి రోజుకు నాలుగు వందలిస్తారు. భార్గవి ఇంటి కోడలు కాబట్టి ఆమెకు అదీ లేదు. మూడేళ్లకు పైగా ఈ పని చేస్తున్న మనిషి, ఆ ఆదివారం పదకొండు గంటలప్పుడు, మిషను తీసుకుని అమ్మవారి మూతికి ఆనించి అట్లాగే కూర్చుంది. దాని మోత ఆమెకు హాయిగా ఉంది. అది తిరుగుతున్నంతసేపూ ఇంకేమీ వినపడదు.

వెనకాల చీర ఉయ్యాలలో మూడు నెలల పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. భార్గవి రవికె పాలతో తడిసి, దాని మీద రాతిపొడి పడి, అట్ట కట్టినట్టు గట్టిపడింది.

భర్త సుందరరాజు పక్క షెడ్డు నుంచి వచ్చి ప్లగ్గు పీకాడు. ఆ పెదవులు చెక్కడానికి అతనికి రెండు రోజులు పట్టింది. విగ్రహాన్ని చూశాడు, భార్యను చూశాడు, ఏం చేశావని అడిగాడు. ఆమె చూసుకోలేదని చెప్పింది. అది నిజమే. పిల్ల పుట్టినప్పటి నుంచి ఆమె కళ్లు తెరుచుకునే ఉంటున్నాయి గాని దేన్నీ చూడడం లేదు. నిద్ర రాదు. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టి. పిల్లను ఎత్తుకుంటే, బస్టాండులో ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చిపోయిన సంచిని పట్టుకున్నట్టు ఉంటుంది.

నెల కిందట టీకా వేయడానికి వచ్చిన నర్సమ్మ కృపావతి ఈ సంగతి కనిపెట్టి, ఆమెను నంద్యాల పెద్దాసుపత్రికి వెంటబెట్టుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడించింది. కాన్పయ్యాక కొందరికి వచ్చే జబ్బే ఇదని, మాత్రలతో తగ్గుతుందని, పాలివ్వచ్చని, మధ్యలో మాత్రం మానొద్దని చెప్పింది. చావాలనిపిస్తోందా అని కూడా అడిగింది. భార్గవి ఒళ్లోని పిల్ల గుడ్డను సర్దింది. డాక్టరమ్మ చీటీలో ఏదో రాసి, దాని కింద గీత గీసి, పదిహేను రోజులకు తప్పకుండా రమ్మంది.

పది రోజులు మింగింది. పదకొండో రోజు అత్త గోవిందమ్మ ఆ మాత్రల కవరును మురుగుకాలువలో పారేసింది, మళ్లీ ఆసుపత్రికి పోనియ్యలేదు. అవి పిచ్చిమాత్రలని ఆమెకు ఎవరో చెప్పారు. పిచ్చిది చెయ్యి పెట్టిన మూర్తిని ఏ ఊరివాళ్లూ గుళ్లో నిలబెట్టుకోరని ఆమె భయం. గాలి సోకిందంటే వేరు. గాలి వస్తుంది, పోతుంది. పిచ్చి అయితే ఇంట్లోనే కాపురముంటుంది. గోవిందమ్మ చెడ్డ మనిషేమీ కాదు. కోడలు తినకపోతే గంజి కాచి గ్లాసు చేతిలో పెట్టేది కూడా ఆమే.

ఇప్పుడు పెదవి లేని అమ్మవారిని చూసి ఆమె కొడుకు వైపు తిరిగింది.

"ఇది నీ పెండ్లాం చేసిన పని గాదు నాయనా. దీని ఒంట్లో ఎవురో ఉండారు. ఆటో పిలువు."

నంద్యాల దోవలో, రోడ్డుకు కాస్త లోపలగా, గాలి విడిపించే మునిస్వామి కొట్టం ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు వాళ్లు చేరేసరికి ఇరవై మంది ఆడవాళ్లు వరసలో కూర్చుని ఉన్నారు. వాళ్లను తెచ్చిన మగవాళ్లు బయట చింతచెట్టు నీడన ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ చెట్టు మొదలంతా మేకులు.

అక్కడ పద్ధతి ఒకటే. పట్టినవాళ్ల పేరు బయటికి రావాలి. చచ్చిపోయిన ఎవరిదో పేరు, గాలి సోకిన మనిషే నోటితో చెప్పాలి. చెప్తే ఆ పేరున ఒక మేకు చెట్టుకు కొడతారు, ఇంటికి పోవచ్చు. చెప్పేదాకా వేపమండ దెబ్బలు. అప్పటికీ చెప్పకపోతే పదకొండు రోజులు కొట్టంలోనే ఉండాలి. చంటిపిల్లలుంటే వాళ్లను ఇంటికి పంపేస్తారు.

ముందు కూర్చున్న ప్రమీల అనే నడివయసు మనిషి ఉయ్యాలవాడ నుంచి వచ్చింది. ఆమె భార్గవి రవికె మీది తడి చూసి కాస్త జరిగి చోటిచ్చింది.

"బాలింతవా? బేగా చెప్పేయ్ మ్మే. తన్నులు తిని చెప్పేది, తినకుండా చెప్పేది, రెండూ ఒగటే."

ఎవరి పేరు చెప్పాలని భార్గవి అడిగింది.

"ఎవురిదో ఒగరిది. పోయినేడు నేను మా అత్త పేరు చెప్పినా."

"ఆమె ఎప్పుడు పోయింది?"

"యాడ పోయింది? అదో, ఆ గోడ కాడ వక్కాకు నమల్తాండాది సూడు. సామి అడగలే, నేను చెప్పలే. ఆమెకు చెవుడులే."

చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. భార్గవికి నవ్వు రాలేదు. మరి మళ్లీ ఎందుకొచ్చావని అడిగింది. ప్రమీల మోచేతి మీది కాలిన మచ్చను కొంగుతో కప్పుకుని ముందుకు తిరిగింది.

భార్గవి వంతు వచ్చింది. మునిస్వామి చల్లని గొంతు మనిషి, కేకలు వేయడు. పసుపునీళ్లు చల్లి, మండతో భుజం మీద ఒకటి వేసి, పేరు చెప్పమన్నాడు. రెండోసారి గట్టిగా వేశాడు. మూడోసారి ఇంకా గట్టిగా. దెబ్బ ఎక్కడ పడుతోందో ఆమెకు తెలుస్తూనే ఉంది, నొప్పి మాత్రం పక్కన ఎవరికో పుడుతున్నట్టుంది. బయట సుందరరాజు చేతుల్లో పిల్ల ఏడుస్తోంది. ఆ ఏడుపుకు పాలు వాటంతట అవే కారుతున్నాయి.

గోవిందమ్మ ముందుకు జరిగి కోడలి గడ్డం పట్టుకుంది.

"హేమలతవే గదమ్మా నువ్వు? నాకు తెలుసు. నువ్వేనని ఒక్కమాట చెప్పు, ఇంటికి పోదాం. పిల్ల ఏడుస్తాండాది."

హేమలత గోవిందమ్మ పెద్దకోడలు. మూడేళ్ల కిందట, రెండు నెలల కొడుకును ఉయ్యాలలో వేసిపోయి, నీళ్లు నిండిన క్వారీ గుంతలో తేలింది. కాలు జారిందన్నారు. భార్గవి అప్పుడు ఆ ఇంట్లో కొత్త. తోడికోడలు తెల్లవార్లూ గడప మీద కూర్చోవడం చూసింది. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని మరిచిపోవడం చూసింది. నాకేమీ అనిపించడం లేదు భార్గవీ అని ఆమె ఒకరోజు చెప్పింది. అదేం మాటో భార్గవికి అర్థం కాలేదు. కాసేపు పడుకోమని చెప్పి షెడ్డుకు పోయింది.

చెప్పడం సులభమే. చెప్తే పిల్ల నోటికి పాలు అందుతాయి, సాయంత్రానికి తన చాప మీద తాను పడుకోవచ్చు. కాని రేపటి నుంచి తనకు నిద్ర పట్టకపోతే అది హేమలత మేలుకుని ఉన్నట్టు. తను తినకపోతే హేమలత తిననట్టు. ఇక మాత్రలు ఎవరికి? భార్గవీ ఎట్లుండావని ఎవరు అడుగుతారు? హేమలతనూ ఎవరూ అడగలేదు. కాలు జారిందని ఒక మాట అనేసి ఊరుకున్నారు, ఇప్పుడు ఆమె మీద ఒక మేకు కొడతారు.

"పేరు చెప్పు," అన్నాడు మునిస్వామి.

"భార్గవి."

అతను నవ్వాడు. "తెలివైందే వచ్చింది. గాలి సోకిన మనిషి పేరే చెప్తాంది." మండ మార్చుకున్నాడు. "ఆ పేరు గాదు. లోపలుండేదాని పేరు."

"లోపల నేనే ఉండా." గొంతు పలచగా, తనది కానట్టు వచ్చింది. "నాకు జబ్బు చేసింది. హేమలతక్కకు గూడా ఇదే జబ్బు అత్తా. ఆయమ్మను మనం ఆస్పత్రికి తీసకపోలే."

గోవిందమ్మ చెయ్యి కోడలి గడ్డం మీదినుంచి జారిపోయింది. ఆమె కొట్టం నిండా ఉన్న ముఖాలను చూసి కొంగు తల మీదికి లాక్కుంది. పదకొండు రోజులు ఉంచిపొమ్మని మునిస్వామి చెప్పాడు. తరవాతి మనిషిని పిలిచాడు.

భార్గవి లేచింది. లేవమని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు. బయటికి నడిచి, సుందరరాజు చేతుల్లోంచి పిల్లను తీసుకుని, ఆటోలో కూర్చుని, కొంగు కప్పుకుని పాలిచ్చింది. మనసులో ఏమీ పొంగలేదు. పిల్ల తాగుతోంది, అంతే.

వెనకే వచ్చిన గోవిందమ్మ ఆమెను దిగమంది. సామి మాట దాటకూడదని, పిల్లను తాను చూసుకుంటానని, డబ్బాపాలు పడతానని చెప్తూ ఆటోలోకి చెయ్యి చాపింది. భార్గవి పక్కనున్న కడ్డీని మోచేత్తో చుట్టేసి పట్టుకుంది.

"నంద్యాలకు పోనీ వెంకటేషన్నా. ఆస్పత్రికి."

డ్రైవరు వెంకటేష్ వాళ్ల వీధివాడే. ఇంజను ఆన్ చేశాడు గాని గేరు వేయలేదు. రోడ్డెక్కి ఒక పక్కకు తిరిగితే ఆళ్లగడ్డ, ఇంకో పక్కకు తిరిగితే నంద్యాల. అతను తల బయటికి పెట్టి సుందరరాజును అడిగాడు.

"యాడికన్నా?"

సుందరరాజు తల్లి వైపు చూశాడు. తరవాత రాతిపొడి పట్టిన తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

"నేను చెప్తాండా గదా," అంది భార్గవి.

ఇంజను ఉన్నచోటనే కొట్టుకుంటోంది, దానితో పాటు ఆటో అంతా సన్నగా వణుకుతోంది. భార్గవి కడ్డీ మీది చెయ్యి తీయకుండానే పిల్లను రెండో వైపుకు మార్చుకుంది.