పద్నాలుగో బూత్ కాగితం

శనక్కాయలు వలుస్తుండగా ఫోన్లో ఒక ఫొటో వచ్చింది. మడతలు పడ్డ కాగితం, దాని మీద ఎర్రటి కోర్టు ముద్ర. కాగితం పైమూలన తెలుగులో "బూత్ 14, పోలైనవి 412, సుం.ల." అని రాసి ఉంది. ఆ రాత నాదే. సముద్రం అవతల ఒక చిన్న దేశపు కోర్టులో నా తెలుగు అక్షరాలు సాక్ష్యంగా పడి ఉన్నాయి.

ఫొటో పంపింది ఆ దేశంలో బూత్ అధికారిగా చేసిన తెరేసా చెల్లెలు. కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసింది. "మా అక్కను జైల్లో పెట్టారు. ఆ మూలనున్నది గూఢచారుల రహస్య లిపి అంటున్నారు. గురువారం విచారణ. కాగితం పరిశీలకులే అడిగి తీసుకున్నారని మీరొక ఉత్తరం రాస్తే వదిలేయవచ్చని వకీలు అంటున్నాడు."

నా పేరు సుందరలక్ష్మి. మాది మైదుకూరు. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను, సగం ఉద్యోగం ఎన్నికల పనితోనే గడిచిపోయింది. పోయినేడు ఆ దేశంలో అధ్యక్ష ఎన్నిక జరిగితే, చూసి రావడానికి ఇక్కడినుంచి ఒక సంస్థ ఆరుగురిని పరిశీలకులుగా పంపింది. బృందం నాయకుడు ప్రదీప్‌కుమార్ సార్, ఒకప్పటి నా పై అధికారి. నా పేరు ఇచ్చింది ఆయనే. దేశం పేరు మాత్రం రాయను, తెరేసా ఇంకా అక్కడే ఉంది.

తెరేసా బడిపంతులమ్మ, ఆ రోజు పద్నాలుగో బూత్ అధికారి. పొద్దుటినుంచి నేను ఆ బూత్‌లో కూర్చుని, మన అలవాటు ప్రకారం ఐదైదు గీతలు గీసుకుంటూ వచ్చిన ఓటర్లను లెక్కపెట్టాను. పోలింగ్ ముగిసేసరికి నాలుగు వందల పన్నెండు. ఆమె లెక్కా అంతే. నేను లేచి చెయ్యి చాపి, ఆ లెక్క నకలు ఇవ్వమన్నాను. మన దగ్గర పోలైన ఓట్ల లెక్క సంతకం చేసి ఇవ్వకుండా ప్రిసైడింగ్ ఆఫీసరు బూత్ దాటి కదలలేదు, ఏజెంట్లు పీకల మీద కూర్చుంటారు. ఆ దేశపు చట్టంలోనూ ఆ మాట ఉంది, చదువుకునే పోయాను. చట్టంలో ఉన్నది అడిగితే ప్రాణం మీదికొచ్చే దేశాలుంటాయని నాకు తట్టలేదు. తెరేసా వాకిలి వైపు చూసింది, నా మెడలోని కార్డు వైపు చూసింది. లెక్క రాసి, దాన్ని మొదటినుంచి చివరిదాకా చదువుకుని సంతకం చేసి ఇచ్చింది. మరునాడు ఆ బూత్‌లో అధ్యక్షుడికి పంతొమ్మిది వందల ఓట్లు వచ్చాయని ప్రకటించారు.

ఆ కాగితం పైమూలన నా గుర్తుకు తెలుగులో రాసుకుని, తీసుకుపోయి సార్ చేతిలో పెట్టాను. "ఇది శానా విలువైందమ్మా, అందాల్సిన చోటికి అందజేస్తా" అన్నాడు. తిరుగు ప్రయాణం రోజు రిపోర్టు మీద సంతకాలు తీసుకుంటూ చివరి పేజీ నా ముందుకు జరిపాడు. నేను పెట్టేశాను. ఆ మనిషి జరిపిన కాగితాన్ని నేను ఏనాడూ వెనక్కి తిప్పి చూడలేదు, దానికి కారణం ఆలూరు.

పాతికేళ్ల కిందట ఆలూరు దగ్గర ఒక పల్లెలో నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని. మధ్యాహ్నానికి ఒక వర్గం వాళ్లు ఏజెంట్లను తరిమేసి, మిగిలిన బ్యాలెట్లన్నీ గుద్దేసి, అంతా సవ్యంగా జరిగిందని సంతకం పెట్టమన్నారు. బల్ల మీద వేటకొడవలి పెట్టి మరీ అడిగారు. పెట్టనన్నాను. రెండు గంటల తర్వాత ప్రదీప్‌కుమార్ సార్ జీపేసుకుని వచ్చి నన్ను బయటికి తీసుకొచ్చాడు. మళ్లీ పోలింగ్ జరిగింది. అప్పటినుంచి ఆయన మాట నాకు దేవుడి మాట.

ఆ నమ్మకంతోనే ఇంటికొచ్చి టీవీ పెట్టుకున్నాను. ప్రజాస్వామ్యానికి కావలి మేమేనని చెప్పుకునే పెద్ద దేశం "తీవ్ర ఆందోళన" వెలిబుచ్చింది. మూడు వారాలకు ఆ ఆందోళన తీరిపోయి, ఆ అధ్యక్షుడితోనే ఓడరేవు ఒప్పందం కుదుర్చుకుంది. దానికి పడని ఇంకో పెద్ద దేశమైతే ఫలితం పూర్తిగా రాకముందే అభినందనలు పంపింది. ఈలోగా అక్కడ రెండు పత్రికలు మూతబడ్డాయి, ఓడిన అభ్యర్థి జైలుకు పోయాడు. ఎవరు అడిగినా ఆ ప్రభుత్వం మా రిపోర్టులోని ఒకే ముక్క చదివి వినిపించేది, "ఎన్నికలు మొత్తం మీద ప్రశాంతంగా జరిగాయి" అని. శవం లేచిన ఇల్లు కూడా ప్రశాంతంగానే ఉంటుంది! నాకు ఒళ్లు మండి సార్‌కు ఫోన్ చేస్తే, ఓపిక పట్టమన్నాడు. పట్టాను.

ఇప్పుడీ ఫొటో. ఆ కాగితం నేనిచ్చింది ఒక్కరికే. సోమవారం పొద్దున్నే కర్నూలు బస్సెక్కాను.

సార్ వరండాలో ఉన్నాడు. "రామ్మా సుందరలక్ష్మీ, ఉగ్గాని తిందువు గానీ" అన్నాడు. నేను ఫోన్ ఆయన ముందు పెట్టాను.

"ఈ కాగితం మీకిస్తి గదా సార్. వాళ్ల కోర్టుకు ఎట్ల పోయె?"

కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. బుకాయించలేదు, అందుకే నాకు ఇంకా మండింది.

"ఆ పొద్దు వాళ్ల మంత్రి విందుకు పిలిచినాడు. మీకేమన్నా అభ్యంతరాలుండాయా అని అడిగె. ఉండాది, ఇదో అని చూపిస్తి. ఇయ్యండి, విచారిస్తాం అనె. ఇస్తి. దౌత్యంలో అదొక మర్యాదమ్మా."

"ఓట్లు దొంగిలించినోళ్లకే ఇచ్చి విచారించమంటిరా? దాని మింద ఆ యమ్మ సంతకం ఉండాది గదా సార్!"

"ఇంత దూరం వస్తాదని నేనేమన్నా కలగన్నానా?"

"పోనీ, ఇప్పుడన్నా ఉత్తరం రాయండి. రెండు లైన్లు చాలు. మేమే అడిగి తీసుకున్యామని."

"రాస్తే మన రిపోర్టు అబద్ధమని నేనే ఒప్పుకున్యట్ల గాదా? వచ్చే నెల ఇంకో దేశానికి బృందం పోతాండాది. నీ పేరు గూడా రాసినా."

ఆ చివరి మాటకు నాకు ఏడుపొచ్చింది. నన్ను అంత చవగ్గా కట్టాడే అని.

"ఆలూరులో నాకోసం ఒక్కరే వస్తిరే సార్. ఆ మనిషి యాడికి పోయినాడు?"

ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "నీకిన్నేండ్లు చెప్పలేదు. ఆ పొద్దు గూడా నన్ను పంపించినోళ్లు ఉండారమ్మా. ఆ బూత్ పోతే ఓడిపోయేటోళ్లు పైనుంచి ఫోన్ చేయించిరి, రీపోలింగ్ కావల్లని. నువ్వు సంతకం పెట్టకుండేది వాళ్లకు కలిసొచ్చె. అంతే."

పాతికేళ్లు నేను ఎవరికి మొక్కుతూ వచ్చానో అప్పుడు తెలిసింది. లేచి, చెప్పులేసుకుని వచ్చేశాను. ఆయన పిలిచాడు, నేను తిరగలేదు.

కర్నూలు కోర్టు ఎదురుగా నోటరీ దగ్గర కూర్చుని ఉత్తరం రాశాను. కాగితం అడిగింది నేను, ఇచ్చింది చట్టప్రకారం, మూలనున్నది రహస్య లిపి కాదు, నా మాతృభాష. ఆ ఎన్నిక దొంగ ఎన్నిక అని కూడా రాశాను. సంతకం పెట్టి, ముద్ర వేయించి, అక్కడినుంచే ఫొటో తీసి తెరేసా చెల్లెలికి ఫోన్లో పంపాను. బస్సులో మైదుకూరు దాకా మనసు తేలిగ్గా ఉంది.

గురువారం సాయంత్రం తెరేసా చెల్లెలు ఫోన్ చేసింది. ప్రభుత్వ వకీలు నా ఉత్తరం పక్కన మా రిపోర్టు చివరి పేజీ పెట్టాడట. రెండిటి మీదా ఒకటే సంతకం. ఒకదానిలో ప్రశాంతంగా జరిగిందని, ఇంకోదానిలో దొంగతనమని. ఇలా రెండు నాలుకలున్న మనిషి మాట వినక్కర్లేదన్నాడట జడ్జి. తెరేసాకు నాలుగేళ్లు వేశాడు.

ఆ పిల్ల గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"మా అక్క మిమ్మల్ని ఒక్కటే అడగమంది" అంది. "ఆమె చదివే సంతకం పెట్టిందట. ఆ రిపోర్టు మీద మీరు చదివే పెట్టారా?"

"లేదమ్మా" అన్నాను.

ఆ మాట వాళ్లక్కకు చెప్తానంది. ఫోన్ పెట్టేసింది.