నా అర్రను గుంజుకున్న ఎర్ర చెట్టు

నేను గీ ఇంటికి కోడలుగ అచ్చిననాడు సుత గంత మర్యాద జరగలే. ఆ చెట్టు హైదరాబాద్‌కెల్లి బస్సుల, కిటికీ సీట్ల, నా కొడుకు రాజేశం ఒళ్లె కూసోని అచ్చింది. అదే నా కొడుకు నన్ను కరీంనగర్ దవఖానకు తీస్కపోయిననాడు నేను తొవ్వ పొడుగు నిలవడే పోయిన. కుండీ సుట్టు బంగారు రంగు కాయిదం, దానికి రిబ్బను. రాజేశం ఆటో దిగి, దాన్ని రెండు చేతులతోని పట్టుకొని ఇంటి కడప దగ్గర నిలవడి, "అవ్వా, జెర పక్కకు జరుగు, తగులుతది" అన్నడు. నేను పక్కకు జరుగుడు ఆనాడు షురువైంది.

మాది సిరిసిల్ల. ఇంటెన్క కార్ఖానా, అండ్ల ఎనిమిది సాంచెలు. కరెంటు మీద నడిచే మగ్గాలను మేం సాంచెలు అంటం. హైదరాబాదుల బడిపిల్లల డ్రెస్సులు కుట్టించే కంపెనీ ఒకటున్నది. కొన్నేండ్ల సంది మా సాంచెల మీద నడిచేదంత ఆ కంపెనీ బట్టనే. అండ్ల ఆర్డర్లు ఇచ్చేది సుస్మిత మేడం. డిసెంబర్ల మావోడు కలవవోతె, కిరస్మస్ గిఫ్టు అని గీ చెట్టు చేతుల వెట్టి, "జాగ్రత్తగా చూసుకోండి రాజేశం గారూ, వచ్చే క్రిస్మస్‌కి మీ ఊరొచ్చి చూస్తా" అన్నదట. పెద్దోళ్లు నోటిమాటకు వంద అంటరు. మావోడు దాన్ని పరీక్ష అనుకున్నడు.

"నీకు తెల్వదవ్వా. చెట్టును సక్కగ సాకెటోడే పనిని సుత సక్కగ సేస్తడని కంపెనీలోళ్లు సూస్తరు. గిది బతికి మల్ల ఎర్రగైతెనే మనకు వచ్చే ఏడు ఆర్డరు."

"మరి బట్ట మంచిగ నేస్తె ఇయ్యరా?" అన్న.

"నీకు తెల్వది," అన్నడు మల్ల. నాకు తెల్వనియి మా ఇంట్ల మస్తుగున్నయ్. వాన్ని కన్నప్పుడు గిన్ని లేవు.

చెట్టు పేరు వాడు సెప్పిండు గాని నా నోట్లె తిరగలే. మేం ఎర్ర చెట్టు అనే అన్నం. సూడవోతె ఆ ఎర్రటియి పూలు కావట, ఆకులేనట. నడిమిట్ల సెనగపప్పంత పసుపు బుడిపెలున్నయ్, గవి పూలట. గింజంత పువ్వుకు గంపంత సోకు. నా కోడలు రాధ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు వెట్టి, పక్కన ఊదుబత్తి ముట్టిచ్చింది. వాడకట్టోళ్ల దిష్టి తాకుతదని కుండీకి నిమ్మకాయ మిరపకాయలు సుత కట్టింది. "లక్ష్మి అచ్చింది అత్తా" అన్నది. మా ఇల్లే ఇరుకు, తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టు, ఆ లక్ష్మిని టీవీ పక్కన కూసోవెట్టిండ్రు, నా మందుల డబ్బా కింద వడ్డది.

ఒకనాడు ఒక ఆకు ఇరిగితె పాలు కారినయ్. "ఓరి, గిది జెముడు జాతిదిరా, చేన్ల కంచెకు పెడ్తరు," అన్న. రాజేశం నా దిక్కు ఎట్ల సూసిండంటె, నేను మేడంనే జెముడు అన్ననేమో అనుకోవాలె.

సంకురాత్రి దాటినంక ఎర్ర ఆకులు రాలుడు వట్టినయ్. మా ఆయన రామస్వామి పోయిననాడు సుత నా కొడుకు మాపటికి రెండు బుక్కలు తిన్నడు. ఆ ఆకులు రాలిననాడు తినలే. రాలిన ఆకులను పారేయనియ్యక పేపర్ల సుట్టి దాసిండు. రాధ కుండీల సల్ల పోసింది, వాడు మరునాడు టీ పొడి ఏసిండు, ఎవలో సెప్పిండ్రని గుడ్డు పెంకులు నూరి ఏసిండ్రు. నాకు సుత ఇంట్ల గంత వైద్యం జరిగితె ఈపాటికి గుట్టెక్కుదు.

సాంచెలు నడుస్తుంటె నూలు దుమ్ము లేస్తది. ఇంట్ల అన్నిటి మీద పడ్తది, మా ఊపిరితిత్తుల సుత పడ్తది. రాజేశం దినాం పొద్దుగాల తడిగుడ్డ వట్టుకొని ఆ చెట్టు ఆకు ఆకు తుడుసుడు వెట్టిండు. ఎండకాలం అచ్చేసరికి కూలర్ మూతి నా మంచం దిక్కుకెల్లి చెట్టు దిక్కు తిరిగింది. "నువ్వంటె ఎండల పెరిగినదానివి అవ్వా, అది ఏసీల పెరిగింది," అన్నడు. నిజమే, నేను ఎండల పెరిగి ఎండుకపోయిన, గందుకే నాకు ఎవలు బొట్టు వెట్టలే.

ఎట్లనో అట్ల చెట్టు బతికింది. బతుకుడు గాదు, బలిసింది. వానకాలం అయిపోయేసరికి గుమ్మడిపాదు లెక్క ఆకులు. అయితె అన్నీ పచ్చగనే. ఒక్క ఎర్రాకు లేదు. కిరస్మస్ దగ్గర వడుతాంది, మావోనికి బుగులు వట్టుకున్నది. చెట్టును మల్ల ఒళ్లె వెట్టుకొని జగిత్యాలకు పోయిండు, ఆడ పెద్ద నర్సరీ ఉన్నదని. మాపటికి అచ్చిండు, మొఖం యెలిగిపోతాంది.

"దీనికి చీకటి గావాలెనట అవ్వా! పొద్దుమీకితె మల్ల పొద్దువొడిసే దాక కటిక చీకటుండాలె. నడిమిట్ల ఒక్కపారి లైటు వడ్డా ఎర్రగ కాదట."

నేను నవ్విన. సిరిసిల్లల చీకటా? మా కార్ఖానల రెండు షిఫ్టులు. ట్యూబులైట్లు ఆరిన రాత్రి నాకు యాదికి లేదు. గోడకు జాలీ ఉన్నది, ఆ ఎల్తురు ఇంట్ల అన్ని అర్రలకు అస్తది. ఒక్కదానికి రాదు. కిటికీ లేని అర్ర, గోడ అవతల పాత గోదాము. అది నాది. నేను నవ్వుడు ఆపి సూసేసరికి మొగడు పెండ్లాం ఇద్దరు నా అర్ర దిక్కే సూస్తాండ్రు.

"కొన్ని దినాలే అత్తా," అన్నది రాధ.

"చెట్టుకు చీకటి గావాలె, సరే. మరి నేను ఏడ పండాలె?"

"కార్ఖానా వరండల మంచం ఏస్త అవ్వా, గాలి మంచిగొస్తది," అన్నడు నా కొడుకు.

ఇంట్ల ఈగల మోత, బయట పల్లకి మోత అంటరు గదా. ఆ మోత ఇంటోళ్లు ఎట్ల మోస్తరో నేను ఆనాడు సూసిన. నా ట్రంకుపెట్టె, నా దేవుని పటాలు, నా గొంగడి అన్నీ బయటికి, కుండీ లోపలికి. తలుపు సందుకు పాత చీర కుక్కిండు, ఎల్తురు పోవద్దని. నా తలుపుకు ఎన్నడు సలి రావద్దని గుడ్డ పెట్టినోడు కాదు. ట్యూబులైటు కింద, సాంచెల టకటకల వరండల పండుకున్న. సప్పుడుకు భయం లేదు నాకు, ఏండ్ల సంది గా సప్పుడుకే నిద్ర వడ్తది. ఎల్తురుకే నాకు కండ్లు మూతవడలే. వారం ఓపిక వట్టి, "మీ చెట్టు మీరు సాకుండ్రి" అని కోరుట్లకు పోయిన, నా బిడ్డ రజిత ఇంటికి.

రజిత అడిగింది, "ఎందుకచ్చినవ్ అవ్వా, అన్న కొట్లాడిండా?" అని.

"కొట్లాడితె సంబురపడుదు బిడ్డా. చెట్టుకు అర్ర ఇచ్చి నన్ను పంపిండు," అన్న. అది నవ్వుకుంట నవ్వుకుంట కూసున్నది. దసరా పండుగ సుత ఆడనే అయిపోయింది. పండుగైనంక ఇంకో పదిహేను దినాలకు పానం ఆగక తిరిగి బయలెల్లిన. కోరుట్ల బస్సు వేములవాడల దిగి ఇంకో బస్సెక్కి ఇంటికచ్చేసరికి పొద్దు వంగింది.

గల్లీ మలుపు తిరిగినంక ఏదో తేడ అనిపిచ్చింది. ఇంటి ముంగట నిలవడ్డ. సాంచెల సప్పుడు లేదు. మా పక్కింటోళ్లయి నడుస్తున్నయ్, మాయి లేవు.

దసరా తెల్లారి కంపెనీ ఫోన్ చేసిందట, నూలు పంపుడు ఆపుతున్నమని, మళ్ల సెప్పే దాక నేయద్దని. ఎందుకు అంటె సెప్పరు. మేడం ఫోన్ ఎత్తుత లేదు. సాంచెల మీద ఉన్న బట్ట దిగినంక నూలు సుట్టిన కొత్త బీములు ఎక్కలే. మా దగ్గర పనిచేసే హరీశ్ ఎదురుసూసి ఎదురుసూసి సాంచెల పని ఎతుక్కుంట మహారాష్ట్రల భీవండికి పోయిండు. రాజేశం కార్ఖానల ఒక సాంచె మీద చెయ్యేసి కూసున్నడు. నన్ను సూసి, "అచ్చినవా అవ్వా. నీ అర్ర ఖాళీ సేసిన," అన్నడు.

చెట్టు కార్ఖానల ఉన్నది. ఇగ ఆడ లైట్లు ఏసే పని లేదు గదా.

నా అర్ర నాకచ్చింది. పటాలు గోడకెక్కినయ్, గొంగడి మంచం మీదికచ్చింది. సంబురపడాలె, పడలే. ఆ సప్పుడు లేక నాకు కన్ను మూతవడలే. ఏడుపచ్చింది. ఏడ్సిన. దాసుడెందుకు.

వాడు మాత్రం దినాం పొద్దుగాల చెట్టును వాకిట్ల ఎండకు వెట్టుడు, పొద్దుమీకంగ కార్ఖానల వెట్టి తలుపేసుడు మానలే. నేయుడు లేదు గని గా పని డ్యూటీ లెక్క చేసిండు. "ఇంకెందుకురా?" అంటె, "మేడం అస్త అన్నది గదవ్వా," అన్నడు. ఇదివరకైతె నాలుగు మాటలు అందును. గా మొఖం సూసి అనలే.

చెట్టు ఎర్రగైంది. ఒక్కొక్క ఆకు అంచులకెల్లి నడిమికి ఎర్రగైతాంటె, ఆగిన సాంచెల నడుమ అది పెండ్లిపందిట్ల పెండ్లిపిల్ల కూసున్నట్టుండె. పోయినేటి కన్న ఎక్కువ ఎరుపు.

డిసెంబర్ల మేడం నిజంగనే అచ్చింది. కోరుట్లల ఎవలిదో పెండ్లికి పోవుకుంట మా ఊర్ల దిగింది. మావోడు తెల్ల అంగీ తొడుక్కొని గల్లీ మొగన నిలవడ్డడు. మేడం మంచిదే, మొఖమంత నవ్వే. కార్ఖానలకు రాంగనే "వావ్!" అని ఫోన్ తీసి ఫొటోలు కొట్టింది, చెట్టుతోని, చెట్టు పక్కన, చెట్టు ఎన్క.

"మా ఆఫీసులో ఒక్కరి దగ్గర కూడా బతకలేదు తెలుసా? అందరం జనవరిలోనే పడేస్తాం," అన్నది.

"పడేస్తరా మేడం?" అన్నడు రాజేశం.

"మరి? మళ్లీ డిసెంబర్‌లో కొత్తవి తెప్పిస్తాం కదా. అసలు మీరెలా చేశారు? ఏం ఎరువు వేశారు?"

వాడు వంగి కుండీ అంచు తుడుసుడు వెట్టిండు. నేనే సెప్పిన.

"ఎరువు కాదు బిడ్డా, దీనికి చీకటి గావాలె."

"అవునా? లైట్ల మధ్య ఇంత చీకటి ఎలా దొరికిందమ్మా?"

"మొదలు నా అర్ర ఇచ్చిన, సాలలే. అటెన్క మీరే పంపిండ్రు. మీ ఆర్డరు ఆగింది, మా సాంచెలు ఆగినయ్, లైట్లు బందైనయ్. నీళ్లు మాయి, చీకటి మీది."

రాధ నా జబ్బ గిచ్చింది. మేడం ఫోన్ దించింది. "సారీ అమ్మా, అది నా చేతుల్లో లేదు. పైవాళ్లు వేరే రాష్ట్రం నుంచి తెప్పిస్తున్నారు. ఇక ఈ ఊరి గుడ్డ తీసుకోరు," అన్నది. సెప్పాల్సిన ముచ్చట గట్ల సెప్పింది. అటెన్క ఆగిన సాంచెలను, వాటి మీద కప్పిన పాత దుప్పట్లను సూసి, మల్ల నవ్వింది.

"రాజేశం గారూ, షెడ్ ఖాళీగానే ఉంది కదా. గిఫ్టులకి ప్రతి ఏడాది ఇవి బయట కొంటున్నాం. వచ్చే ఏడాది మీరే పెంచి ఇవ్వకూడదూ? ఈ మెషీన్లు తీసేయిస్తే చాలా కుండీలు పడతాయి."

మంచి మనసుతోనే అన్నది. గదే నాకు మండింది. నా కొడుకు దిక్కు సూసిన. వాడు సాంచెల దిక్కు సూసిండు, చెట్టు దిక్కు సూసిండు. బట్ట నాణ్యం సూసేటట్టు ఒక ఎర్రాకును రెండు ఏళ్ల నడుమ వట్టి రాసిండు.

"ఎన్ని కుండీలు మేడం?" అన్నడు.

వాన్ని తిట్టబుద్ధి కాలే. పొయ్యి మీద ఎసరు వెట్టాల్సినోడు ఇంకేమంటడు? నేను గోడ దగ్గరికి పోయి స్విచ్చులు అన్నీ ఒత్తిన. ట్యూబులైట్లు టపటప కొట్టుకొని ఒకటెన్క ఒకటి యెలిగినయ్. కార్ఖానంత తెల్లగైంది.

"అవ్వా, లైట్లెందుకు ఏసినవ్? చెట్టు ఖరాబైతది!" అని ఒర్రిండు రాజేశం.

"సాంచెలు తీసుడు నేను సచ్చినంకరా. అందాక గీ కార్ఖానల చీకటి ఉండది. కరెంటు బిల్లు నా పించన్లకెల్లి కట్టు," అన్న.

మేడంకు పెండ్లికి ఆలస్యమైతాందట, కారెక్కి పోయింది. మాపటికి బువ్వ తిన్నం. లైట్లు నేను ఆర్పలే. వాడు లేసి స్విచ్చుల దాక పోయిండు, ఆడ జెరసేపు నిలవడ్డడు, అచ్చి పండుకున్నడు. వాడు సుత ఆర్పలే.