వాసన లేని పొడి

కొలిమి స్విచ్ మీద మామయ్య చెయ్యి పడగానే ఆమె లోపలి మొనల పళ్ళెం వంక చూసింది. ఇనుమును కోసే గట్టి లోహపు మొనలు తయారుచేసే షెడ్డు ఆ మేనమామది. లోహప్పొడిని స్పిరిట్ పోసి మరలో రుబ్బడం అక్కడి అలవాటు. ఆ ఆవిరికే పోయిన నెల ఆమె మొగుడు మర పక్కన స్పృహ తప్పాడు. ఇంకా పీల్చితే మనిషి దక్కడన్నాడు డాక్టరు. వేరే పని వస్తే కదా ఆ మహానుభావుడికి! ఇంటికొస్తే కూతురు కూడా "కంపు నాన్నా!" అంటూ, స్నానం అయ్యేదాకా దగ్గరకు రాదు.

అందుకే మామయ్య ప్రాణం తోడేసి మరీ ఒప్పించింది. స్పిరిట్ బదులు నీళ్ళు, కొత్త పొడి బదులు అరిగిపోయిన మొనల నుంచి తీసిన పొడి. ఖర్చూ తగ్గుతుంది, విషమూ తగ్గుతుంది.

"ఈ ఒక్కసారే. పగిలాయో, మళ్ళీ స్పిరిటే. ఇక నోరెత్తకూడదు," అన్నాడు మామయ్య.

"ఎందుకు పగుల్తాయి మామయ్యా? చెమ్మ ఉంటేనేగా పగిలేది! పొడి బాగా ఆరింది, నేనే చూశాగా," అన్నాడు మొగుడు ఛాతీ విరుచుకుని.

"ఎలా చూశారు?" అందామె.

"ఎప్పట్లాగే, ముక్కు దగ్గర పెట్టుకుని. వాసన లేకపోతే ఆరినట్టేగా!"

ఆమె కొలిమి దగ్గరకు ఉరికింది. "నీళ్ళకి వాసనెక్కడుంది, నా తండ్రీ! మామయ్యా, ఆపు!"

కొలిమిలోంచి పళ్ళెం లాగి, ఇంకా కాలని మొననొకటి విరిచింది. సుద్దముక్కలా విరిగింది. లోపలి చెమ్మ వేలికి తగిలింది.

మామయ్య ముఖం జేవురించింది. "నీ నీళ్ళ ముచ్చట తీరిందా?"

"కాల్చలేదుగా! మళ్ళీ పొడి చేద్దాం, చిటికెడు కూడా వృథా కాదు. ఈసారి ముక్కుతో కాదు, కాటాతో చూద్దాం. బరువు తగ్గడం ఆగితేనే ఆరినట్టు."

ఆయన పళ్ళు కొరికాడు. మొగుడు నేలచూపులు చూశాడు. చివరికి స్విచ్ మీది చెయ్యి పక్కకు తొలగింది.

మళ్ళీ పొడి చేసి, కాటాలో బరువు నిలిచేదాకా ఆరబెట్టి, అచ్చులో నొక్కి కాల్చారు. కొలిమి చల్లారాక మామయ్య ఒక్కో మొననూ ఇనపముక్కతో తట్టాడు. పగులున్న మొన డొల్లగా పలుకుతుంది. ఇవన్నీ ఖంగుమన్నాయి, ఆఖరిదాకా.

"ఆ స్పిరిట్ డబ్బా బయట పెట్టించు," అన్నాడు గొంతు సవరించుకుని.

ఆ సాయంత్రం మొగుడు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే కూతురు పరుగున వచ్చి మెడ చుట్టేసింది.

"ఇంకా స్నానం చెయ్యలేదే తల్లీ!" అంటూ అలవాటుగా వెనక్కి జరిగాడు. పిల్ల వదిలితేగా! వంటింటి గుమ్మంలో ఆమెకు ఏడుపు ఆగలేదు.