కోపానికి ఐసు నీళ్లు

“దానికో సగం మాత్ర వెయ్యరాదూ?” అన్నారు అత్తగారు. అమ్మాయి గది తలుపు ధడేలుమన్న చప్పుడికి నేను తోముతున్న గిన్నె సింకులో జారిపడింది. వంటింట్లో నేను, గదిలో పదహారేళ్ల నా కూతురు, మధ్యలో టీవీ ముందు ఈయనా, అత్తగారూ. స్నేహితురాలు పిక్నిక్‌కి తనను పిలవలేదట. వేరే పిల్లకయితే అది ఒక పూట అలక. దీనికి లోకమంతా తనను వదిలేసినట్టే.

దానికున్నది బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని, చిన్న మాటకే మనసు కట్టలు తెంచుకునే జబ్బని పోయినేడు తెలిసింది. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిన ఆ రోజుల్లో ఒక మాత్రకి ఇంకో మాత్ర తోడయి, చివరికి పిల్ల కంచం ముందు కూర్చుని తూగేది. “ఇల్లిప్పుడు ఇల్లులా ఉంది” అని ఈయన మురిసిపోయారు. నాకు ఒళ్లు మండేది. ఆడపిల్ల నోరెత్తకపోతే చాలు, ఇల్లు ఇల్లులా ఉన్నట్టే వీళ్లకి. ఏ మాత్రా వేసుకోకుండానే నేను ఇన్నేళ్లుగా అలాగే ఉన్నాను మరి!

తర్వాత చూపించిన కొత్త డాక్టరమ్మ మాత్రం, “ఈ జబ్బుని నయం చేసే మాత్రంటూ లేదమ్మా. నిద్రకీ, ఆ గండం గడవడానికీ వాడారు. ఇక మెల్లగా తగ్గిద్దాం. పొంగుకొచ్చే మనసుని పట్టుకోవడం పిల్ల నేర్చుకోవాలి, ఇంట్లోవాళ్లూ నేర్చుకోవాలి” అంది. ఇంట్లోవాళ్లంటే నేనొక్కదాన్నేనని వీళ్లకి ఎవరు చెప్పారో! సెలవు అడుక్కుని వారం వారం దానితో అవన్నీ నేర్పే క్లాసుకి నేనే వెళ్లాను. “నాకు ఆఫీసుంది కదా” అనేవారు ఈయన. నేను రోజూ బస్సెక్కి వెళ్లేది ఎక్కడికనుకున్నారో. పోయిన నెల డాక్టరమ్మ ఆఖరి మాత్ర కూడా మానిపించింది.

ఈయన లేచి మందుల డబ్బా వెతకడం మొదలుపెట్టారు. “పాతవేమైనా మిగిలాయా? ఇవాళ్టికి ఒకటి వేసేద్దాం.”

“ఆ డబ్బా ముట్టుకోకండి!” అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

అప్పుడే గది తలుపు తెరుచుకుంది. పిల్ల విసవిసా వచ్చి, ఫ్రిజ్‌లోని ఐసంతా బేసిన్‌లో గుమ్మరించి, నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి మొహం ముంచేసింది.

“అయ్యో, పిల్ల మునిగిపోతోందిరా!” అని కేకేశారు అత్తగారు.

“బతికే ఉన్నా నానమ్మా,” అంటూ తలెత్తింది. ముక్కు ఎర్రబడింది. “కోపం దించుకుంటున్నా. క్లాసులో నేర్పారు.” మళ్లీ ముంచింది. రెండోసారి లేచేసరికి ఏడుస్తూనే నవ్వుతోంది. “పిలవకపోతే పోనీ. ఎందుకు పిలవలేదో రేపు నేనే అడుగుతా.”

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎన్నాళ్లయిందో దాని నోట ‘రేపు’ అన్న మాట విని!

బేసిన్ నావైపు జరిపింది. “అమ్మా, నీ మొహం కందిపోయింది. నువ్వూ ముంచు.”

“నాకొద్దులే తల్లీ. నాకు కోపం ఇన్నాళ్లకి వచ్చింది, కాసేపు ఉండనీ,” అని ఈయన వైపు తిరిగాను. “రేపటి క్లాసుకి దానితో మీరూ, అత్తయ్యగారూ వెళ్తున్నారు. నేను పడుకుంటాను.”